ఎండు పండ్ల తీపి-కారం కూస్‌కూస్: తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతి, చిత్తూరు సూపర్ మార్కెట్లలో కూస్‌కూస్ ప్యాకెట్టు కొనుక్కొచ్చి, ఉప్మాలాగా వండబోయి జావ చేసుకున్నవాళ్లు అడిగే సందేహాలే మళ్లీ మళ్లీ వస్తున్నాయి. వాటన్నిటినీ ఇక్కడ ఒకచోట పెట్టాం. ఏ ప్రశ్న దగ్గరికైనా నేరుగా వెళ్లొచ్చు. కప్పు అంటే అన్నిచోట్లా 240 మిల్లీలీటర్ల కప్పే.

## కొనే ముందు

కూస్‌కూస్ అంటే గసగసాలేనా? అంగట్లో అడిగితే అవే ఇచ్చారు.

కావు. హిందీలో గసగసాలను ఖస్‌ఖస్ అంటారు, గొడవంతా అక్కడే. వేసవిలో షర్బత్‌కు వాడే ఖస్ ఇంకొకటి, అది వట్టివేరు. కూస్‌కూస్ ఉత్తర ఆఫ్రికా వంట. మొరాకో, అల్జీరియా, ట్యునీషియా, మారిటేనియా దేశాల ఉమ్మడి వారసత్వంగా 2020లో యునెస్కో జాబితాకెక్కింది. డ్యూరమ్ అనే గట్టి గోధుమ రవ్వకు నీళ్లు, పిండి చల్లి, అరచేత్తో తిప్పి తిప్పి ఆవగింజంత పలుకులు చేస్తారు. కిరాణా అంగట్లో నోటితో అడగడం కంటే ప్యాకెట్టు మీద పేరు చదివి తీసుకోవడం మంచిది.

అయితే ఇది రవ్వే కదా! బొంబాయి రవ్వతో చేస్తే సరిపోదా?

పుట్టుక రవ్వే, పద్ధతి వేరు. ప్యాకెట్టులో వచ్చే కూస్‌కూస్‌ను ముందే ఆవిరి మీద ఉడికించి ఆరబెట్టి ఉంటారు. అందుకే మరిగే నీళ్లు పోసి మూత పెడితే చాలు, పొయ్యి మీద ఉడికించే పని లేదు. బొంబాయి రవ్వ పచ్చిది, పైగా మెత్తని గోధుమది. దాని మీద వేడినీళ్లు పోసి పక్కన పెడితే ముద్దే మిగులుతుంది. ఎండు పండ్లు, దాల్చినచెక్క వేసి బొంబాయి రవ్వతోనూ రుచిగా చేసుకోవచ్చు. కాకపోతే దాన్ని ఉప్మా అనాలి.

ప్యాకెట్లలో రెండు రకాలున్నాయి, సన్నవి, మిరియాలంత ఉండేవి. ఏది తీసుకోవాలి?

ఈ వంటకు సన్నవే. మిరియాలంత గుండ్రంగా ఉండేది పెర్ల్ కూస్‌కూస్, ఇజ్రాయెల్‌లో 1950లలో తయారైన పాస్తా రకం. దాన్ని నీళ్లలో 8 నుంచి 10 నిమిషాలు ఉడికించాలి. వేడినీళ్లు పోసి మూత పెడితే లోపల పచ్చిగానే ఉంటుంది. ముడి గోధుమ కూస్‌కూస్ దొరికితే వాడుకోవచ్చు. దానికి కప్పుకు రెండు టేబుల్‌స్పూన్ల నీళ్లు, మూడు నిమిషాల సమయం ఎక్కువ పడతాయి.

ఊళ్లో కూస్‌కూస్ దొరకలేదు. ఇంట్లో చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు, ఓపిక కావాలి. బన్సీ రవ్వ తెచ్చుకోండి. అది డ్యూరమ్ జాతి గోధుమదే. తమిళనాడు, కర్ణాటక సరుకు వచ్చే అంగళ్లలో వెతికితే దొరుకుతుంది. వెడల్పాటి తాంబాళంలో కప్పు రవ్వ పోసి, ఉప్పు కలిపిన నీళ్లు రెండు మూడు టేబుల్‌స్పూన్లు కొద్దికొద్దిగా చిలకరిస్తూ, వేళ్లు విడదీసి గుండ్రంగా తిప్పండి. రవ్వ తడిసి గింజకు గింజ అంటుకోవడం మొదలవగానే రెండు టేబుల్‌స్పూన్ల గోధుమపిండి చల్లి మళ్లీ తిప్పండి. చిన్న చిన్న పూసలవుతాయి. జల్లెడ పడితే పెద్ద ఉండలు పైన నిలుస్తాయి, వాటిని చిదిమి మళ్లీ తిప్పాలి. ఇడ్లీ పాత్రలో తడిగుడ్డ పరిచి 15 నిమిషాలు ఆవిరి పట్టి, తీసి చల్లార్చి, చేత్తో విడదీసి, నీళ్లు చిలకరించి మరో 15 నిమిషాలు ఆవిరి పట్టండి. మొరాకోలో ఇదే పనిని కింద కూర ఉడుకుతుండగా పైన చిల్లుల గిన్నె పెట్టి రెండు మూడు విడతలుగా చేస్తారు. కింది కూర ఆవిరే పైన గింజకు రుచి.

ఏ ఎండు పండ్లు బాగుంటాయి?

పుల్లనిది ఒకటి, తియ్యనిది ఒకటి ఉండాలి. అన్నీ తియ్యనివే వేస్తే నాలుగు ముద్దలకే మొహం మొత్తుతుంది. పులుపుకు ఆప్రికాట్ లేదా క్రాన్‌బెర్రీ, తీపికి కిస్మిస్ లేదా మెత్తని ఖర్జూరం. అంజీర్ రుచి మంచిదే కానీ దాని గింజలు కూస్‌కూస్ పలుకుల్లో కలిసి ఇసుక తగిలినట్టు ఉంటుంది, అందుకే రెండు ముక్కలకు మించకండి. నల్ల కిస్మిస్ కొనేటప్పుడు గింజ ఉందేమో కొరికి చూడండి.

మామిడి తాండ్ర కూడా ఈ వంటకు బాగా కుదురుతుంది, ఎవరూ ప్రయత్నించరు గానీ. బఠాణీ గింజంత ముక్కలు కోసి చివరలో కలపాలి. వేడి మీద వేస్తే కరిగి గింజలన్నిటినీ అంటిస్తుంది.

హైదరాబాదులో మీఠాకు వాడే ఖుబానీ, ఈ ఆప్రికాట్ ఒకటేనా?

పండు ఒకటే, ఎండబెట్టిన రకం వేరు. ఖుబానీ గింజతో, గట్టిగా, ముదురు గోధుమరంగులో ఉంటుంది. రాత్రంతా నానబెట్టి గింజ తీయాలి. నారింజ రంగులో మెత్తగా, గింజ లేకుండా వచ్చేదానికి రంగు పోకుండా గంధకపు పొగ పట్టిస్తారు. గంధకం పడని ఆస్తమా రోగులున్న ఇంట్లో గోధుమరంగుదే తీసుకోండి.

## కొలతలు, ముందు పనులు

నలుగురికి అసలు కొలతలు చెప్పండి.

పక్క వంటకంగా నలుగురికి ఇవి సరిపోతాయి.

కూస్‌కూస్ 1 కప్పు, అంటే సుమారు 180 గ్రాములు. మరిగే నీళ్లు 1 కప్పు. ఉప్పు ముప్పావు టీస్పూన్. నెయ్యి లేదా ఆలివ్ నూనె 2 టేబుల్‌స్పూన్లు. పెద్ద ఉల్లిపాయ 1, సన్నగా నిలువుగా తరిగినది. అల్లం అరంగుళం ముక్క, తురిమి. పచ్చిమిరపకాయ 1. జీలకర్ర అర టీస్పూన్. దాల్చినచెక్క పొడి పావు టీస్పూన్. పసుపు చిటికెడు. కిస్మిస్ 2 టేబుల్‌స్పూన్లు, ఆప్రికాట్లు 6, మెత్తని ఖర్జూరాలు 3. బాదం పప్పులు 15. నిమ్మకాయ 1. పుదీనా, కొత్తిమీర తరిగి గుప్పెడు.

నూనెలో ఉల్లిపాయ, అల్లం, మిర్చి, మసాలాలు వేగాక నానబెట్టి పిండిన పండ్లు వేసి నిమిషం తిప్పి దించేయాలి. వేరే గిన్నెలో కూస్‌కూస్‌కు ఉప్పు, టీస్పూన్ నెయ్యి రాసి, మరిగే నీళ్లు పోసి మూత పెట్టాలి. 6 నిమిషాల తరువాత ఫోర్కుతో విడదీసి, వేయించిన సరుకు, బాదం, నిమ్మరసం, ఆకులు కలపాలి.

నీళ్లు కప్పుకు కప్పు అంటారు, కొందరు ఒకటిన్నర అంటారు. ఏది నిజం?

ఏం కావాలన్నదాన్ని బట్టి. కప్పుకు కప్పు పోస్తే పలుకు పలుకుగా విడిపోతుంది, ఎండు పండ్ల వంటకు ఇదే సరి. కప్పుంపావు పోస్తే మెత్తగా వస్తుంది, ముసలివాళ్లకు, పిల్లలకు అనువు. ఒకటిన్నర పోస్తే మాత్రం ఉప్మా కాదు, కూస్‌కూస్ కాదు. తక్కువ పోసి మొదలుపెట్టండి. గింజ బిరుసుగా ఉంటే రెండు చెంచాల వేడినీళ్లు చల్లి మూత పెట్టొచ్చు. ఎక్కువైన నీళ్లను వెనక్కి తీయలేం.

ఎండు పండ్లను నానబెట్టాలా? నేరుగా వేస్తే ఏమవుతుంది?

నానబెట్టాలి. నేరుగా వేస్తే అవి కూస్‌కూస్‌కు పోసిన నీళ్లను లాగేసుకుంటాయి. పండు పక్కనున్న గింజలు గట్టిగా మిగిలిపోతాయి. కిస్మిస్‌కు, తరిగిన ఆప్రికాట్‌కు గోరువెచ్చని నీళ్లలో 10 నిమిషాలు చాలు. ఎక్కువసేపు ఉంచితే తీపంతా నీళ్లలోకి దిగిపోయి పండు చప్పబడుతుంది. మెత్తని ఖర్జూరాన్ని నానబెట్టకండి, చిదికిపోతుంది. గట్టిగా, ముడతలు పడి ఉండే ఎండు ఖర్జూరమైతే రాత్రే నానెయ్యాలి. నానిన నీళ్లు పారబోయకుండా వడకట్టి, కూస్‌కూస్‌కు మరిగించే నీళ్ల కొలతలో కలిపేయండి. లేత తీపి గింజలోకి కూడా వెళ్తుంది.

నీళ్ల బదులు చికెన్ సూప్ గానీ, వేడినీళ్లలో కరిగించే సూప్ క్యూబు గానీ వాడొచ్చా?

వాడొచ్చు. క్యూబులో ఉప్పు ఎక్కువ కాబట్టి విడిగా ఉప్పు వేయకండి. శాకాహారులు క్యూబు అట్ట మీద ఆకుపచ్చ గుర్తు చూసుకోవాలి. ధనియాలు, అల్లం, కొత్తిమీర కాడలు పది నిమిషాలు మరిగించి వడకట్టిన నీళ్లు మా లెక్కలో క్యూబు కంటే మేలు.

## వండేటప్పుడు

తిరగవాతలో ఆవాలు, మినప్పప్పు, కరివేపాకు వేయొచ్చా?

వేస్తే తినకూడనిదేం కాదు, కానీ వాసన ఉప్మాకు తిరిగిపోతుంది. ఆవాల ఘాటు దాల్చినచెక్కను తొక్కేస్తుంది. జీలకర్ర ఒక్కటి చాలు. కరివేపాకు స్థానంలో పుదీనా.

ఉల్లిపాయ ఎంతసేపు వేయించాలి?

ఈ వంటలో తీపి సగం ఇక్కడినుంచే రావాలి, అందుకని తొందరపడకండి. మధ్యరకం సెగ మీద ఉల్లిపాయ మెత్తబడే దాకా 6 నిమిషాలు, తరువాత సన్నని సెగ మీద ముదురు తేనెరంగు వచ్చేదాకా ఇంకో 15 నిమిషాలు. మొదట్లోనే చిటికెడు ఉప్పు వేస్తే నీరు వదిలి, మాడకుండా మగ్గుతుంది. అడుగంటుతుంటే చెంచాడు నీళ్లు చల్లి గీకండి, ఆ రంగే రుచి. పెద్ద సెగ మీద ఐదు నిమిషాల్లో ఎర్రబడిన ఉల్లిపాయ బిర్యానీ మీదికి బాగుంటుంది. ఇందులో చేదుగా తగులుతుంది.

మొరాకోలో ఈ ఉల్లిపాయల్లోనే కిస్మిస్, దాల్చినచెక్క, తేనె వేసి దగ్గరపడేదాకా మగ్గించి కూస్‌కూస్ మీద కుప్పగా పోస్తారు. దాన్ని తఫాయా అంటారు. కోడి, గొర్రె మాంసం పక్కన తీపి ఏమిటని ముఖం చిట్లించేవాళ్లు ఒక్కసారి ఆ ఉల్లిపాయ రుచి చూడాలి.

తేనె వేయాలా, బెల్లం వేయొచ్చా?

పండ్ల తీపి చాలకపోతేనే. నలుగురి కొలతకు టీస్పూన్ చాలు. తేనె అయితే పొయ్యి ఆపాక వేయండి. సెగ మీద త్వరగా మాడి చేదెక్కుతుంది. చిత్తూరు బెల్లం వాడేటట్టయితే రెండు చెంచాల వేడినీళ్లలో కరిగించి, వడకట్టి, ఉల్లిపాయలు దించే ముందు పోయండి. పొడిగా చల్లితే ఒకచోట పాకం గడ్డ తగులుతుంది. పులిహోరలో పులుపు గుంజకుండా బెల్లం ముక్క వేసేవాళ్లకు ఈ లెక్క వేరే చెప్పక్కర్లేదు: నాలుకకు బెల్లం తెలియకూడదు, పులుపు మొన విరగాలి.

కిస్మిస్‌ను పాయసానికిలాగా నేతిలో వేయించాలా?

నానబెట్టొచ్చు, వేయించొచ్చు గానీ రెండూ ఒకేసారి కాదు. నానబెట్టిన కిస్మిస్‌ను నేతిలో వేస్తే చిటపటలాడి మీదికి చిందుతుంది. వేయించాలనుకుంటే పొడిదే వేయండి. ఉబ్బగానే, అంటే 20, 30 సెకన్లలో, తీసేయాలి. ఆ తరువాత ఇంకో పావు నిమిషం ఉంచినా నల్లబడుతుంది.

బాదం బదులు చెనక్కాయ విత్తనాలు వేయొచ్చా?

వేయొచ్చు. వేయించి, పొట్టు తీసి, రెండు బద్దలు చేసి వేయండి. బాదం కంటే వాసన ఎక్కువ కాబట్టి 2 టేబుల్‌స్పూన్లకు మించొద్దు. ఏ పప్పయినా వడ్డించే ముందే కలపాలి. ముందే కలిపితే గింజలోని తడికి మెత్తబడి కరకర పోతుంది.

నిమ్మకాయ బదులు మామిడికాయ?

ఏప్రిల్, మే నెలల్లో అదే మేలు. చిత్తూరు తోటల్లోని తోతాపురి పచ్చికాయ దీనికి సరైనది. పులుపు మరీ కోసుకుపోదు, ముక్క కరకరలాడుతుంది. తొక్క తీసి బఠాణీ గింజంత ముక్కలు పావు కప్పు వేసి, నిమ్మరసం సగానికి తగ్గించండి. ముక్కలు చల్లారిన కూస్‌కూస్‌లోనే కలపాలి.

శనివారం ఒక్కపొద్దు. రాత్రి టిఫిన్‌గా తినొచ్చా?

ఇది గోధుమ. మీ ఇంట్లో ఒక్కపొద్దుకు రవ్వ ఉప్మా, చపాతీ చెల్లుబాటైతే ఇదీ చెల్లుతుంది. ఉల్లిపాయ మానేసి, నేతిలో అల్లం, జీలకర్ర, దాల్చినచెక్క మాత్రం వేయించండి. ఉల్లి తీపి లేని లోటు తీరడానికి ఒక క్యారెట్టు తురిమి అదే నేతిలో మగ్గించండి. తెలుపు బదులు నల్ల కిస్మిస్ వాడితే రుచి ఇంకొంచెం చిక్కబడుతుంది.

## తేడా కొడితే

ప్రతిసారీ ముద్ద ముద్దగా అవతా ఉంది. ఏం తప్పు చేస్తా ఉండాము?

మూడింట్లో ఒకటి. మొదటిది నీళ్లు ఎక్కువ. రెండోది, ఎక్కువమంది చేసేది: నీళ్లు పోశాక గరిటెతో కలపడం. ఉప్మా చేసే చెయ్యి ఆగదు. నానే గింజ పైపొర మెత్తగా ఉంటుంది, కలిపితే ఆ పొర రాలి గంజి అవుతుంది. నీళ్లు పోశాక గిన్నెను ఒకసారి కదిపి సమంగా పరిచి మూత పెట్టండి, ఇక ముట్టుకోవద్దు. మూడోది, నీళ్లు పోసిన గిన్నెను ఇంకా పొయ్యి మీదే ఉంచడం. సెగ తగిలితే అడుగు ఉడికిపోయి అంటుకుంటుంది.

నీళ్లు పోయకముందే పొడి గింజలకు టీస్పూన్ నెయ్యి రాస్తే ఈ బాధ సగం తగ్గుతుంది. ఇప్పటికే ముద్దయిపోతే వెడల్పాటి తాంబాళంలో పలుచగా పరిచి ఫ్యాను కింద పది నిమిషాలు ఉంచి, నూనె రాసిన వేళ్లతో విడదీయండి. అప్పటికీ విడకపోతే శనగపిండి, పచ్చిమిర్చి కలిపి వడల్లాగా తట్టి పెనం మీద కాల్చేయండి. పండు ముక్కలు మాడకుండా సన్నని సెగే పెట్టాలి.

గింజ లోపల గట్టిగా పంటికి తగులుతోంది.

నీళ్లు సరిగా మరగలేదు, లేదా మూత వదులుగా ఉంది. బుడగలు పైకి పొంగే నీళ్లే పోయాలి. ఫ్లాస్కులో ఉన్న వేడినీళ్లు చాలవు. రెండు టేబుల్‌స్పూన్ల మరిగే నీళ్లు చల్లి, మూత కింద గుడ్డ పెట్టి బిగించి, ఇంకో 4 నిమిషాలు ఉంచండి. ఇడ్లీ పాత్రలో తడిగుడ్డ మీద పరిచి 5 నిమిషాలు ఆవిరి పట్టినా గింజ ఉబ్బి సర్దుకుంటుంది.

తీపి ఎక్కువైపోయింది. ఎలా తగ్గించాలి?

ఉప్పు పెంచడం మొదటి పని కాదు. ముందు నిమ్మరసం, ఆ తరువాత పచ్చిమిర్చి తరుగు లేదా మిరియాల పొడి. అప్పటికీ చాలకపోతే ఉప్పు వేసి ఉడికించిన కాబూలీ శనగలు అర కప్పు కలపండి. అవి తీపిని పంచుకుంటాయి, పరిమాణమూ పెరుగుతుంది.

చప్పగా ఉంది. అన్నీ వేశాం కదా?

నీళ్లు పోసేటప్పుడే ఉప్పు పడలేదు. గింజ నానేటప్పుడే ఉప్పు లోపలికి వెళ్లాలి. తరువాత పైన చల్లితే నాలుకకు ఉప్పు, పంటికి చప్పదనం.

## వడ్డన, నిల్వ, ఎవరికి పనికొస్తుంది

దేనితో తినాలి? రసం, సాంబారు పోసుకోవచ్చా?

రసం పోస్తే రెండు నిమిషాల్లో జావ. చిక్కని గ్రేవీ ఉన్నవే నప్పుతాయి: మటన్ కూర, కోడి కూర, గుత్తివంకాయ, పనీర్ కూర. కారం గట్టిగా ఉన్న కూర పక్కన దీని తీపి రాణిస్తుంది. కొబ్బరి కుర్మా లాంటి కమ్మని కూర పక్కన అంత నప్పదు. ట్యునీషియాలో కూస్‌కూస్‌కు హరీసా అనే ఎండుమిర్చి, వెల్లుల్లి ముద్ద తోడు. మన దోసె మీద పూసే ఎర్రకారం దానికి దగ్గరి చుట్టమే. పళ్లెం అంచున చెంచాడు పెట్టుకోండి. కూర లేనప్పుడు గట్టి పెరుగులో కీరా, పుదీనా కలిపి పక్కన పెడితే చాలు.

ఇంట్లో ఫంక్షన్‌కు 20 మందికి చేయాలి. కొలతను అయిదింతలు చేస్తే చాలా?

సరుకులు చాలు, గిన్నె చాలదు. కిలో కూస్‌కూస్‌కు లీటరుంపావు నుంచి లీటరున్నర నీళ్లు, 25 గ్రాముల ఉప్పు, పండ్లన్నీ కలిపి సుమారు 500 గ్రాములు, బాదం 100 గ్రాములు, నిమ్మకాయలు 5 పడతాయి. పక్క వంటకంగా 20, 22 మందికి వస్తుంది. లోతు గిన్నెలో చేస్తే పై బరువుకు అడుగు గింజలు నలిగి ముద్దవుతాయి. వెడల్పాటి తాంబాళాలు రెండు మూడు తీసుకుని, ఒక్కోదాంట్లో రెండంగుళాల మందానికి మించకుండా పరిచి, నీళ్లు విడివిడిగా కొలిచి పోసి, పళ్లెంతో మూసేయండి. ఉల్లిపాయలు మాత్రం ముందురోజు రాత్రే వేయించి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు.

రవ్వ కంటే ఆరోగ్యమని అంటారు. షుగర్ ఉన్నవాళ్లు తినొచ్చా?

మామూలు కూస్‌కూస్ తవుడు తీసిన గోధుమే, రవ్వ కంటే పెద్ద తేడా ఏమీ లేదు. పైగా ఎండు పండ్లలో నీరు పోయి చక్కెర చిక్కబడి ఉంటుంది. షుగర్ ఉన్నవాళ్లు అర కప్పుకు పరిమితమై, ముడి గోధుమ రకం వాడి, ఖర్జూరం, తేనె మానేసి, శనగలు, కూరగాయలు పెంచుకుంటే నయం. మోతాదు వాళ్ల డాక్టరు మాట ప్రకారమే.

గోధుమ పడదు. ఇంకేదైనా?

కూస్‌కూస్‌లో గ్లూటెన్ ఉంటుంది, పడనివాళ్లు ముట్టుకోకూడదు. కొర్రలు వాడండి. కప్పు కొర్రలు అరగంట నానబెట్టి, రెండు కప్పుల నీళ్లలో మూతపెట్టి సన్నని సెగ మీద ఉడికించి, పది నిమిషాలు కదపకుండా ఉంచి విడదీయండి. చల్లారితేనే పలుకు విడుతుంది. ఇవే పండ్లు, ఇవే మసాలాలు కొర్రలకూ కుదురుతాయి.

మిగిలింది. ఎన్నాళ్లు ఉంటుంది? మళ్లీ వేడి చేయడం ఎలా?

బయట రెండు గంటలకు మించి ఉంచకండి. తిరుపతి ఎండాకాలంలో అయితే గంటే. మూతగల డబ్బాలో ఫ్రిజ్‌లో మూడు రోజులు ఉంటుంది. చల్లబడ్డాక గింజ బిగుసుకోవడం మామూలే. కప్పుకు చెంచాడు నీళ్లు చిలకరించి, ఇడ్లీ పాత్రలో 5 నిమిషాలు ఆవిరి పట్టండి. బాణలిలో వేడి చేస్తే కిస్మిస్ ముందు మాడుతుంది. పుదీనా, నిమ్మరసం ఫ్రిజ్‌లో చచ్చిపోతాయి, తినే ముందు రెండూ కొత్తగా కలపాలి.